కారే చోటు, పగిలిన పెంకు: ఏటి అవతలి లినక్స్ సర్వరు

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే, నేను చూసుకొనే సర్వరు గోదావరి పాయ వశిష్ఠకు అవతలి ఒడ్డున, సఖినేటిపల్లి నుంచి అంతర్వేదికి పోయే దారిలో, ఒక రొయ్యల రైతు గారి కార్యాలయంలో ఉంది. నేను ఇవతల నరసాపురంలో ఉంటాను. మామూలు రోజుల్లో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి ఏరు దాటితే సరిపోతుంది. గోదావరికి వరద వచ్చి, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిందంటే పంటు తిరుగుతుందో లేదో చెప్పలేం. అది ఆగినప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. అందువల్ల ఈ సర్వరుకు వచ్చిన జబ్బును ఎక్కువసార్లు దూరం నుంచే, అది చెప్పే మాటలను బట్టి కనిపెట్టవలసి వస్తుంది. ఈ నాలుగేళ్లలో తెలిసివచ్చిన విషయాలు నాలాగే చిన్న ఊళ్లలో ఒంటరిగా సర్వర్లను చూసుకొనేవారికి పనికివస్తాయన్న నమ్మకంతో ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆ సర్వరు చేసే పని చిన్నదే. పన్నెండు చెరువుల గట్ల మీద ఉన్న పెట్టెలు ప్రతి 5 నిమిషాలకు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను, ఉష్ణోగ్రతను కొలిచి పంపుతాయి. ఏదైనా చెరువులో ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే కాపలా పాకలో సైరన్ మోగాలి, యజమాని గారి ఫోనుకు సందేశం వెళ్లాలి. పగలు ఎండలో నీటిలోని సూక్ష్మమైన నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్‌ను పీల్చుకొంటుంది. కాబట్టి సూర్యోదయానికి ముందు ఆ అంకె అన్నిటికంటే కిందికి దిగుతుంది. ఆ వేళలో నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి, నాలుగు నెలల పంట ఒక్క తెల్లవారుజామున పోతుంది. సర్వరు ఆగడం అక్కడ ఒక అసౌకర్యం కాదు. ఒక కుటుంబం చేసిన అప్పుకూ, పెట్టిన పెట్టుబడికీ సంబంధించిన విషయం.

మా తాతగారి పెంకుటింట్లో వానాకాలం వస్తే నడవలో నీళ్లు కారేవి. కారే చోట గిన్నె పెట్టేవాళ్లం. పెంకు నేయడానికి వచ్చే మనిషి మాత్రం ఆ గిన్నె వంక చూసేవాడు కాదు. పైకెక్కి, వాసం వెంట తడి ఆనవాలు పట్టుకొని పోయి, ఎక్కడో రెండు గదుల అవతల పగిలిన పెంకును తీసి చూపించేవాడు. సర్వరు జబ్బులు అచ్చంగా అలాంటివి. తీగలో పుట్టిన లోపం డేటాబేస్ నెమ్మదించినట్టు కనిపిస్తుంది, గుండీ బ్యాటరీలో పుట్టిన లోపం సెన్సర్లు కాలిపోయినట్టు కనిపిస్తుంది. హార్డ్‌వేర్, నెట్‌వర్క్, సాఫ్ట్‌వేర్ అని మనం పుస్తకాల్లో మూడు గదులు కట్టుకొన్నాం కాని నీరు ఆ గోడలను లెక్కచేయదు.

తడి ఆనవాలు పట్టుకోవాలంటే ముందు దాన్ని తుడిచివేయకూడదు. ఆ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసే కుర్రవాడు ఒకడున్నాడు. చురుకైనవాడు, యంత్రాలంటే భయం లేదు. మొదటి ఏడాది ఏది ఆగినా అతను చేసే పని ఒక్కటే: బటన్ నొక్కి పట్టుకొని సర్వరును ఆర్పి, మళ్లీ వెలిగించడం. "ఆపేసి మళ్లీ ఏశానండీ, వచ్చేసిందండీ, ఆయ్" అని సంతోషంగా ఫోను చేసేవాడు. అతని తప్పేమీ లేదు, అలా చేయమని ఎవరో ఒకరు అందరికీ నేర్పారు. తప్పు నాది. లినక్స్‌లో సేవలను నడిపించే సిస్టమ్‌డీ రాసే జర్నల్, అంటే సంఘటనల చిట్టా, అప్పట్లో ఆ సర్వరులో డిస్కు మీదికి చేరడం లేదు. వార్ కింద లాగ్‌లో జర్నల్ అనే డైరెక్టరీ లేకపోతే, మామూలు అమరికలో అది రన్ కింద, అంటే ర్యామ్‌లోనే, నిలిచి ఉంటుంది. యంత్రం ఆరగానే ఆ రాత్రి జరిగిన కథంతా ఆరిపోయేది. ఆ డైరెక్టరీని సృష్టించి, జర్నల్ ఆక్రమించే స్థలానికి ఒక హద్దు పెట్టిన తరువాత, దాన్ని చదివే ఆదేశం జర్నల్‌సీటీఎల్‌కు మైనస్ బీ మైనస్ 1 అని చెప్పి మునుపటి బూటు నాటి సందేశాలను చదవగలుగుతున్నాను. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఒక్కసారిగా కుప్పకూలితే చివరి మాటలు డిస్కు వరకు చేరవు కాబట్టి, నెట్‌కన్సోల్ అనే ఏర్పాటుతో కెర్నల్ సందేశాలను పక్క గదిలోని ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటర్ బోర్డుకు కూడా పంపిస్తున్నాను. ఈ రెండు పనులకు కలిపి ఒక పూట పట్టింది; అంతకు ముందు ఏడాది పాటు చీకట్లో తడుముకొన్నాను.

సందేశాలు చదవడానికి ముందు మనుషులను అడగవలసినవి మూడున్నాయి: ఎప్పటి నుంచి, అందరికీనా లేక ఒక్కరికేనా, దానికి ముందు ఏమి మార్చారు. మూడో ప్రశ్నకు ఎప్పుడూ "ఏమీ మార్చలేదండీ" అనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. వారు మార్చినది సర్వరుకు సంబంధించినదని వారికి తోచదు. ఒకసారి ఐదు నిమిషాలు పనిచేసి ఐదు నిమిషాలు ఆగిపోతున్నదని ఫోను వచ్చింది. కార్యాలయంలోని వేరొక కంప్యూటర్ నుంచి ఏ నెట్‌వర్క్ చిరునామా ఏ పరికరానిదో చూపే ఐపీ నైబర్ పట్టికను చూస్తూ కూర్చుంటే, సర్వరు చిరునామాకు ఎదురుగా ఉన్న మ్యాక్ (పరికరం సొంత గుర్తింపు) సంఖ్య కాసేపు ఒకటి, కాసేపు మరొకటి కనిపించింది. అంటే ఒకే చిరునామాను రెండు పరికరాలు తమదని చెప్పుకొంటున్నాయి. "సీసీ కెమెరాలు పెట్టించామండీ, కానీ అవి గోడౌన్ వైపు కదండీ" అన్నారు యజమాని గారు. కెమెరాల రికార్డరుకు దాన్ని బిగించిన మనిషి చేతికొచ్చిన చిరునామా ఇచ్చి వెళ్లాడు. అప్పటి నుంచి ఏ పరికరానికి ఏ చిరునామా అన్నది కాగితం మీద రాసి రౌటర్ పక్కన గోడకు అంటించి ఉంచాము.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టి, ఎక్కువగా నేర్పినది ఒక తీగ. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైన రోజుల్లో, రాత్రి 11 గంటలకు మొదలై 40 నిమిషాల్లో పూర్తికావలసిన బ్యాకప్ ఆరు గంటలు దాటి సాగడం మొదలైంది. అది తెల్లవారుజాము దాకా లాగడంతో, సరిగ్గా ఆక్సిజన్ తగ్గే వేళకు హెచ్చరికలు ఆలస్యంగా వెళ్తున్నాయి. సాఫ్ట్‌వేర్ బరువెక్కిందని యజమాని గారు అనుకొన్నారు. నేనూ అలాగే అనుకొని రెండు రోజుల పాటు డేటాబేస్‌లో సూచికలను వెతికాను, దాన్ని అడిగే ప్రశ్నలను తిరగరాశాను. ఆ రెండు రోజులు వృథా; ఎందుకంటే నేను నచ్చిన చోటు నుంచి వెతికానే తప్ప, వరుసలో వెతకలేదు.

ఆ వరుస మన డెల్టాలో పుట్టిన వారికి కొత్తగా నేర్పవలసినది కాదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఇక్కడి శివారు పొలాల గోడు ఒక్కటే: నీరు అందలేదు. కాలువను చూసుకొనే లస్కరు ఆ పొలంలో నిలబడి ఆలోచించడు. లాకు దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట నడుస్తూ, ఏ తూము దాటాక మట్టం పడిపోయిందో చూస్తాడు. అక్కడే గండి పడిందో, గుర్రపుడెక్క అడ్డుపడిందో తెలుస్తుంది. నెట్‌వర్క్‌లోనూ నడక అంతే: ముందు మన నెట్‌వర్క్ కార్డు, తరువాత తీగ, స్విచ్చు (తీగలను కలిపే నెట్‌వర్క్ పెట్టె), రౌటర్, ఇంటర్నెట్ ఇచ్చేవారి లైను, ఆ తరువాత గమ్యం. ఒక మెట్టు బాగుందని అంకెతో రుజువయ్యే వరకు తరువాతి మెట్టుకు పోకూడదు.

మూడో రోజు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాను. ఈథ్‌టూల్ అనే ఆదేశంతో కార్డును అడిగితే వేగం సెకనుకు 100 మెగాబిట్లు అని చెప్పింది. అది 1000 ఉండాలి. గిగాబిట్ ఈథర్నెట్‌కు, అంటే 1000 మెగాబిట్ల తీగ నెట్‌వర్క్‌కు, తీగలోని నాలుగు జతలూ, అంటే ఎనిమిది పోగులూ కావాలి; 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఏదో ఒక పోగుకు స్పర్శ సరిగా లేకపోతే చాలా కార్డులు లింకును తెంచుకోకుండా, మారు మాట్లాడకుండా, 100కు దిగిపోతాయి. కెర్నల్ లాగ్‌లో లింకు 100 మెగాబిట్లతో పైకి వచ్చిందని ఒకే ఒక్క వరుస ఉంటుంది. వెతికితే తప్ప కంటపడదు. అదే ఈథ్‌టూల్‌కు మైనస్ పెద్ద ఎస్ అని చెప్పి కార్డు లెక్కలు చూస్తే, వచ్చిన ఫ్రేముల్లో (సమాచారపు మూటల్లో) సీఆర్‌సీ (తనిఖీ సంఖ్య) తప్పుల సంఖ్య వేలల్లో ఉంది. అయితే అంకె పెద్దదిగా ఉన్నంత మాత్రాన తీర్పు చెప్పకూడదు, అది ఎప్పటిదో తెలియదు కదా; పది నిమిషాల్లో మూడుసార్లు రాసుకొని, పెరుగుతున్నదని నిర్ధారించుకొన్నాను. ప్రతి ఈథర్నెట్ ఫ్రేము చివర 4 బైట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. అందుకొన్న కార్డు తానూ లెక్కకట్టి, రెండూ కలవకపోతే ఆ ఫ్రేమును పారేస్తుంది. పైనున్న టీసీపీ అనే రవాణా పద్ధతి పోయినదాన్ని మళ్లీ పంపించుకొంటుంది. కాబట్టి ఎక్కడా లోపం అన్న మాట కనిపించదు, అంతా నిదానంగా నడుస్తుందంతే.

నేను ముందు రోజు, చిన్న ప్యాకెట్లు పంపి అవతలి యంత్రం పలుకుతుందా అని అడిగే పింగ్‌తో చూసినప్పుడు ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు, అందుకే తీగను అనుమానించలేదు. పింగ్‌ను మైక్ మూస్ 1983 డిసెంబరులో, అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో, సరిగ్గా ఇలాంటి ఒక నెట్‌వర్క్ చిక్కును విడదీయడానికే రాశారు. ఈ పనిలో ఉన్నవాడు రోజూ ఆయనకు ఋణపడి ఉంటాడు. కాని లినక్స్‌లో అది మామూలుగా పంపే సమాచారం 56 బైట్లే. చిన్న పడవ దాటిపోయే పాయలో పెద్ద పడవ ఇరుక్కొంటుంది: ఒక్కొక్క బిట్టుకు దెబ్బతగిలే అవకాశం ఉన్నప్పుడు పొడవైన ఫ్రేముకే దెబ్బ ఎక్కువ తగులుతుంది. పరిమాణాన్ని 1400 బైట్లకు పెంచి వెయ్యి ప్యాకెట్లు పంపిస్తే అప్పుడు నష్టం బయటపడింది.

మరుసటి రోజు పంటు ఎక్కి వెళ్లి ప్లగ్గు ఊడదీసి చూస్తే ఆర్‌జే-45 ముల్లుల్లో రెండింటికి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఇంట్లో తోమకుండా వదిలేసిన రాగి చెంబుకు పట్టేది అదే. ఆ ముల్లులకు బంగారు పూత ఉండాలి. చవక ప్లగ్గుల్లో అది పేరుకు మాత్రమే ఉంటుంది, సముద్రం మీది ఉప్పుగాలి ఆ పూత కింది లోహాన్ని తినేస్తుంది. తీగ కూడా చవకదే. చాకుతో గీకితే పైపూత మాత్రమే రాగి, లోపల తెల్లని అల్యూమినియం. అలాంటి తీగకు నిరోధం ఎక్కువ, వంచితే విరుగుతుంది, ప్రమాణాలకు అది లోబడదు. కొనేటప్పుడు ఒక అంగుళం గీకి చూడడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే ఆ తీగ కొనవద్దని నేను గట్టిగా చెబుతాను. పూర్తి రాగి తీగ, మంచి ప్లగ్గులు వేసిన రోజు రాత్రి బ్యాకప్ మళ్లీ 40 నిమిషాల్లో ముగిసింది. ఆ తరువాత ప్రతి వానాకాలానికి ముందు అన్ని ప్లగ్గులనూ ఊడదీసి చూడడం, చిలుము కనిపిస్తే శుభ్రం చేయకుండా కోసి కొత్తది వేయడం ఆనవాయితీ అయింది.

కాలువ వెంట ఇంకా ముందుకు నడిస్తే ట్రేస్‌రూట్ పనికివస్తుంది. వాన్ జాకబ్సన్ 1987లో రాసిన ఈ సాధనం ప్యాకెట్ ఆయుష్షును ఒకటి, రెండు, మూడు అని పెంచుతూ పంపి, ఎక్కడెక్కడ ఆయుష్షు తీరిందో అక్కడి రౌటర్ల నుంచి జవాబు రాబడుతుంది. మధ్యలో నక్షత్రపు గుర్తులు కనిపించగానే అక్కడే తెగిందని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కొన్ని రౌటర్లు ప్యాకెట్లను దాటిస్తాయి కాని తమ గురించి అడిగితే జవాబివ్వవు. నక్షత్రాల తరువాత మళ్లీ జవాబులు వస్తుంటే ఆ మెట్టు బాగున్నట్టే.

ఇంటర్నెట్ కనెక్షన్ మార్చినప్పుడు వేరొక విచిత్రం ఎదురైంది. నరసాపురం నుంచి, దూరాన ఉండి ఆదేశాలివ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వరులోకి వెళ్లగలుగుతున్నాను, చిన్న ఆదేశాలకు జవాబు వస్తున్నది. పొడవైన జాబితా అడిగితే చాలు, తెర గడ్డకట్టినట్టు నిలిచిపోతున్నది. కొత్త లైను, పేరు, రహస్యపదం చెప్పి కలిసే పీపీపీఓఈ పద్ధతిలో నడుస్తుంది. ఆ పద్ధతికి ప్రతి ప్యాకెట్‌లోనూ 8 బైట్లు ఖర్చవుతాయి కాబట్టి 1500కు బదులు 1492 బైట్లే పడతాయి. పెద్ద ప్యాకెట్ వచ్చినప్పుడు, దీన్ని తగ్గించి పంపు అని రౌటర్ వెనక్కి చెప్పవలసిన ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఎవరో భద్రత పేరుతో ఆపేస్తున్నారు. ముక్కలు చేయవద్దన్న షరతుతో 1464 బైట్ల పింగ్ పంపితే వెళ్లింది, 1465 పంపితే వెళ్లలేదు. శీర్షికల 28 బైట్లు కలుపుకొంటే లెక్క సరిగ్గా 1492. రౌటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక ప్యాకెట్ మోసే సమాచారపు గరిష్ఠ పరిమాణాన్ని) 1452కు బిగించిన తరువాత ఆ బాధ లేదు.

గడియారం కథ ఇంతకంటే వింతైనది. ఒక జూన్ రాత్రి ఈదురుగాలికి కరెంటు పోయింది. యూపీఎస్ పాతది కావడంతో కాసేపటికే అదీ చేతులెత్తేసింది. జనరేటర్ వేసి సర్వరును వెలిగించాక తెర మీద పన్నెండు చెరువులూ ఖాళీగా కనిపించాయి. పిడుగుకు సెన్సర్లన్నీ కాలిపోయాయని కాపలావారు నిశ్చయించుకొన్నారు. వారు ఆ రాత్రంతా ఏరియేటర్లను ఆపకుండా తిప్పి పంటను కాపాడారు, అది వారి గొప్పతనం. తెల్లవారాక యజమాని గారు కొత్త సెన్సర్లకు ధర అడగడం కూడా మొదలుపెట్టారు. పన్నెండు సెన్సర్లూ ఒకేసారి పోవడం, స్విచ్చుల మీద దీపాలు మాత్రం మామూలుగా మినుకుమంటూ ఉండడం నాకు పొసగలేదు.

ఇంటర్నెట్ తిరిగి వచ్చాక సందేశాలు పంపే ప్రోగ్రాము లాగ్‌లో ఒక మాట కనిపించింది: అవతలివారి సర్టిఫికెట్ (డిజిటల్ గుర్తింపు పత్రం) ఇంకా చెల్లుబాటులోకి రాలేదు. గడువు తీరిందని చెబితే అవతలివారి తప్పు కావచ్చు. ఇంకా మొదలే కాలేదని చెబితే మన గడియారాన్నే చూడాలి. తేదీ అడిగితే సర్వరు కొన్నేళ్ల వెనకటి కాలంలో ఉంది. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్ 2032 బ్యాటరీ, రూపాయి బిళ్లంత ఉండే 3 వోల్టుల గుండీ, ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు ఉన్నంత కాలం ఆ విషయం ఎవరికీ తెలియలేదు. గట్ల మీది పెట్టెలకు సొంత గడియారాలున్నాయి, అవి సరైన సమయంతో కొలతలు పంపుతూనే ఉన్నాయి. భవిష్యత్తు నుంచి వచ్చిన కొలతలను నమ్మకూడదని నేను రాసిన షరతు ప్రకారం సర్వరు వాటిని ఒక్కటొక్కటిగా పారేస్తున్నది, అదీ ఎక్కడా నమోదు చేయకుండా.

ఇంటర్నెట్ వచ్చాకైనా, అక్కడి నుంచి సరైన సమయం తెచ్చే క్రోనీ ప్రోగ్రాము గడియారాన్ని సరిదిద్దవలసింది. దాని అమరికలో మేక్‌స్టెప్ అనే వరుస ఉంటే, మొదటి కొన్ని సవరణల్లో సమయాన్ని ఒక్క దూకులో సరిచేస్తుంది. ఆ వరుస లేకపోతే గడియారాన్ని కొద్దికొద్దిగా వేగిరపరుస్తూ పోతుంది, ఏళ్ల తేడా ఆ పద్ధతిలో తీరేది కాదు. సమయం దూకితే డేటాబేస్ తికమకపడుతుందని ఎక్కడో చదివి ఆ వరుసను నేనే తీసేశాను. బ్యాటరీ మార్చాను, వరుసను తిరిగి పెట్టాను. పారేసిన ప్రతి కొలతకూ కారణం లాగ్‌లో రాయమని ప్రోగ్రామును సరిదిద్దాను. నోరు మూసుకొని పారేసే ప్రోగ్రాము రాయడం నేరమని ఆ రోజు నుంచి నా అభిప్రాయం. యూపీఎస్ బ్యాటరీతో పాటు ఆ గుండీకి కూడా మార్చిన తేదీ రాసిన చీటీ అంటిస్తున్నాను.

డిస్కుల విషయానికి వస్తే, కనిపించే అంకెను అపార్థం చేసుకోవడం అక్కడ చాలా సులభం. ఒకసారి లోడ్ యావరేజ్, అంటే పని కోసం వరుసలో ఉన్న ప్రక్రియల సగటు, 14 చూపిస్తున్నది. ప్రాసెసర్‌లో ఉన్నవి నాలుగు కోర్లు. ప్రాసెసర్ చాలడం లేదని, కొత్తది కొనమని సలహా ఇచ్చినవారున్నారు. కాని వీఎంస్టాట్ అనే ఆదేశంతో చూస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది. లినక్స్‌లో లోడ్ లెక్కలోకి పరుగెత్తే ప్రక్రియలతో పాటు, డిస్కు జవాబు కోసం కదలకుండా వేచి ఉన్నవి కూడా వస్తాయి. ప్రక్రియలను చూపే పీఎస్ జాబితాలో వాటి స్థితి డీ అనే అక్షరంతో కనిపిస్తుంది. పడవ కోసం రేవులో నిలబడిన జనాన్ని చూసి ఊళ్లో పని ఎక్కువైందని అనుకోవడం లాంటిది ఆ సలహా. డిస్కుల వేగం చూపే ఐఓస్టాట్‌లో చూస్తే అద్దం జతగా పెట్టిన రెండు డిస్కుల్లో ఒకదాని జవాబుకు సెకన్లు పడుతున్నాయి. జతలో ప్రతి రాతా రెండింటి మీదా పడాలి కాబట్టి, ఒకటి కుంటితే రెండోదీ దానితో పాటే కుంటుతుంది.

డిస్కు ఆరోగ్యాన్ని చెప్పే స్మార్ట్‌సీటీఎల్ చూపించే పట్టికలో నేను ముందుగా చూసేవి నాలుగు వరుసలు: 5, 197, 198, 199. మొదటి మూడూ పెరుగుతుంటే పళ్లెం మీది సెక్టార్లు (సమాచారం రాసే గళ్లు) పాడవుతున్నాయని, డిస్కును మార్చాలని అర్థం. 199 ఒక్కటే పెరుగుతూ మిగిలినవి సున్నాలో ఉంటే దోషం డిస్కులో కాదు, ఎక్కువగా డిస్కుకూ బోర్డుకూ మధ్య ఉన్న సాటా తీగలో ఉంటుంది. అప్పుడు పెరిగినది 199. మంచి డిస్కును పారేసి కొత్తది కొనవలసిన చోట ఒక చిన్న తీగతో పని ముగిసింది. ఏడు నెలల తరువాత రెండో డిస్కులో 197 ఎనిమిదై, పదహారై పెరిగినప్పుడు మాత్రం ఆలస్యం చేయలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఇళ్లలో వాడే రకం డిస్కు చదవలేని సెక్టారు మీద నిమిషాలకొద్దీ మొండిగా ప్రయత్నిస్తుంది. కెర్నల్ మామూలుగా 30 సెకన్లు మాత్రమే ఓపిక పడుతుంది. ఆ రెండింటి పొంతన కుదరక లింకు రీసెట్లు, దీర్ఘమైన స్తంభనలు వస్తాయి. డిస్కు ఒప్పుకొంటే స్మార్ట్‌సీటీఎల్‌తోనే ఎస్‌సీటీఈఆర్‌సీ (తప్పు మీద డిస్కు ఎంతసేపు ప్రయత్నించాలన్న) విలువను 70గా, అంటే 7 సెకన్లుగా, పెట్టవచ్చు. అప్పుడు అది త్వరగా ఓటమి ఒప్పుకొంటుంది, జతలోని రెండోది ఆ సమాచారాన్ని అందిస్తుంది. కొన్ని డిస్కులు కరెంటు పోయి వచ్చాక దీన్ని మరచిపోతాయి, కాబట్టి ప్రతి బూటులోనూ పెట్టించాలి. ఇంకొకటి: పాడైన డిస్కు అనుకొని బాగున్న డిస్కును ఊడదీసినవారిని నేనెరుగుదును. ప్రతి డిస్కు క్రమసంఖ్యనూ పెద్ద అక్షరాలతో రాసి, పెట్టె తలుపు తీయగానే కనిపించేలా అంటించండి.

స్థలం నిండిందన్న ఫిర్యాదుల గురించి క్లుప్తంగా చెబుతాను. డిస్కు మొత్తం లెక్క చెప్పే డీఎఫ్ నిండిందని, ఫైళ్లను కూడి చెప్పే డీయూ లేదని చెబితే, చెరిపేసిన ఫైలును ఏదో ప్రక్రియ ఇంకా పట్టుకొని ఉన్నట్టు. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ దాని పేరు చెబుతుంది. స్థలం ఉన్నా స్థలం లేదని అంటే డీఎఫ్‌కు మైనస్ ఐ అని చెప్పి ఐనోడ్‌లు (ఫైలుకు ఒకటి చొప్పున ఉండే నమోదులు) చూడాలి. ఈఎక్స్‌టీ4 రకం ఫైల్‌సిస్టమ్‌లో వాటి సంఖ్య దాన్ని కట్టిన రోజే ఖరారవుతుంది, మామూలుగా 16,384 బైట్లకు ఒకటి. లక్షల చిన్న ఫైళ్లు పోగేసే ప్రోగ్రాము వాటిని ముందే తినేస్తుంది. డేటాబేస్ దానంతటదే చచ్చిపోయిందని ఎవరైనా చెబితే కెర్నల్ లాగ్‌లో ర్యామ్ చాలక ఏ ప్రక్రియను చంపిందో రాసి ఉంటుంది, ముందు అది చదవాలి.

కరెంటు గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఇక్కడి నేల తడిగా ఉంటుంది కాబట్టి ఎర్తింగ్ దానంతటదే బాగుంటుందని చాలామంది నమ్ముతారు. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంతలోని ఇనుప గొట్టం ఈ ఉప్పునేలలో కొన్నేళ్లకే తుప్పు తిని తెగిపోతుంది, పైన కనిపించే ముక్క మాత్రం నిక్షేపంలా నిలబడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో ఏటా కొలిపించడం తప్ప వేరే దారి లేదు. కార్యాలయం నుంచి గట్ల మీది పాకలకు మొదట రాగి తీగలే కొబ్బరిచెట్ల వెంట లాగారు. దూరంగా ఎక్కడో పిడుగు పడ్డా ఆ పొడవాటి తీగల్లో పుట్టే వోల్టేజీకి స్విచ్చు పోర్టులు ఒకటి రెండు చొప్పున చచ్చేవి. గాజు పోగులో విద్యుత్తు ప్రవహించదు. ఫైబర్ వేసిన తరువాత పిడుగుకు ఒక్క పోర్టు కూడా పోలేదు. పైగా రాగి ఈథర్నెట్ హద్దు 100 మీటర్లే, మా చివరి గట్టు దానికంటే చాలా దూరం.

మొన్న వరదకు పంటు ఆగిన రోజుల్లో, తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకు గుమాస్తా ఫోను చేశాడు. "నేనేమీ ముట్టుకోలేదండీ" అని మొదలుపెట్టాడు. ఏడు నుంచి పన్నెండు దాకా ఉన్న చెరువుల కొలతలు 3 గంటల 12 నిమిషాలకు ఒకేసారి ఆగిపోయాయని, ఒకటి నుంచి ఆరు వరకు వస్తూనే ఉన్నాయని, సర్వరులో తేదీ సరిగానే ఉందని, రెండో పాక వైపు ఫైబర్ దీపం ఆరిపోయి ఉందని, పాకలో బల్బు మాత్రం వెలుగుతున్నదని కాపలాదారు చెప్పినట్టు వరుసగా చెప్పాడు. ఆరు చెరువులకూ ఉమ్మడిగా ఉన్నది ఆ పాకలోని స్విచ్చు ఒక్కటే. "అడాప్టరు మార్చి చూడమంటారాండీ?" అని అతనే అడిగాడు. అలమారలో ఉంచిన కొత్త అడాప్టరు తీసుకొని బండి మీద గట్టుకు వెళ్లి మార్చాడు. 4 గంటల 5 నిమిషాలకు కొలతలు మళ్లీ మొదలయ్యాయి. తొమ్మిదో చెరువులో 4.3 ఉంది, వెంటనే ఇంకో రెండు ఏరియేటర్లు వేశారు. వరద తీసి పంటు కదిలాక వెళ్లి ఆ పాత అడాప్టరును విప్పి చూశాను. లోపలి కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. మిగిలిన రెండు పాకల్లోనూ అదే ఏడాది కొన్న అడాప్టర్లే ఉన్నాయి కాబట్టి, వాటిని కూడా ఆ పూటే మార్చి వచ్చాము.